సర్దుకుపోవడమా, సరిచేసుకోవడమా?

"అడ్జస్ట్" అనే మాటని మనం ఎక్కువగా మనుషుల మీదే వాడతాం. బస్సులో ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగో మనిషి వస్తే "కొంచెం అడ్జస్ట్ అవ్వండి". హాస్టల్ రూములో ఫ్యాన్ సరిగ్గా తిరక్కపోతే "ఈ ఒక్క సెమ్ అడ్జస్ట్ అయిపోరా". వస్తువుని కూడా అడ్జస్ట్ చేయొచ్చన్న సంగతి మనకి ఆఖర్న గుర్తొస్తుంది. నాకైతే ఒక మెకానిక్ షెడ్‌లో గుర్తొచ్చింది.

సెకండియర్ మొదలయ్యాక నాన్న తన పాత బండి నాకిచ్చారు. 12 ఏళ్ల నాటి 100 సీసీ బండి. తెనాలి పక్కన మా ఊరి నుంచి కాలేజీకి రానూపోనూ దాదాపు 50 కిలోమీటర్లు. మొదటి వారం హుషారుగానే తోలాను. మూడో వారానికి కుడి మణికట్టు లాగడం మొదలైంది. ల్యాబ్‌లో కీబోర్డు మీద చెయ్యి పెడితే చివరి రెండు వేళ్లు తిమ్మిరిగా ఉండేవి. నాన్నకి చెప్తే "కొత్త కదా, అలవాటవుద్ది" అన్నారు.

ఆయన అలా అనడంలో వింతేం లేదు. విత్తనాల కంపెనీ పని మీద అదే బండేసుకుని ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగిన మనిషి. సాయంత్రం ఇంటికొచ్చి కుడి చేతికి క్రేప్ బ్యాండేజ్ చుట్టుకోవడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అది కూడా ఆయన ఉద్యోగంలో ఒక భాగం అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఆయిల్ మార్పించడానికి షెడ్‌కి వెళ్తే, నేను చెయ్యి విదిలించుకోవడం మెకానిక్ బాబాయ్ చూశాడు.

"బండెక్కి కూర్చో. కళ్లు మూసుకో. చేతులు మామూలుగా హ్యాండిల్ మీద పెట్టు. ఇప్పుడు వేళ్లు తిన్నగా చాపు."

చాపాను. కళ్లు తెరిచి చూస్తే నా వేళ్లు బ్రేకు, క్లచ్ లివర్ల మీద లేవు. వాటికి బాగా కిందుగా గాల్లో ఉన్నాయి. అంటే బ్రేకు పట్టుకున్న ప్రతిసారీ మణికట్టుని పైకి విరిచి పట్టుకుంటున్నానన్నమాట. మా దారిలో స్పీడ్ బ్రేకర్లు, గేదెలు, ఆటోలు అన్నీ లెక్కేస్తే రోజుకి ఎన్నిసార్లో మీరే ఊహించుకోండి.

బాబాయ్ పానా తీసుకుని లివర్ల క్లాంపులు వదులు చేసి, నా ముంజేతికీ వేళ్లకీ ఒకే గీత వచ్చేదాకా కిందకి తిప్పి బిగించాడు. తర్వాత హ్యాండిల్‌ని పట్టుకునే నాలుగు బోల్టులు వదులు చేసి, హ్యాండిల్‌ని కొంచెం నా వైపుకి తిప్పాడు. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. అప్పటిదాకా దాన్ని అందుకోవడానికి ముందుకి వంగుతున్నానని కూడా నాకు తెలియదు. క్లాంపు తీసినప్పుడు దాని కింద ఇనుము కొత్తదానిలా మెరుస్తోంది. "షోరూమ్ నుంచి వచ్చాక ఎవరూ దీన్ని విప్పలేదురా" అన్నాడు.

తర్వాత వెనక షాకబ్జార్బర్లు. నాన్న వెనక సీటుకి శాంపిల్ సంచులు కట్టుకుని తిరిగేవారు కాబట్టి స్ప్రింగులు పై స్టెప్పులో ఉన్నాయి. స్టెప్పు పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందనుకుంటాం గానీ, నిజానికి మారేది మనం కూర్చున్నప్పుడు బండి ఎంత కుంగుతుందన్నది. నాది 52 కిలోల బరువు. నేనొక్కణ్ణే కూర్చుంటే వెనక భాగం సరిగ్గా కుంగక, ఒంటి బరువు ముందుకి జారి చేతుల మీద పడుతోంది. రెండు వైపులా సమానంగా స్టెప్పులు తగ్గించాడు. "మీ అమ్మని ఎక్కించుకుంటే మళ్లీ పెంచుకో" అన్నాడు. చివరగా బ్రేకు పెడల్ ఎత్తు. మడమ ఫుట్‌రెస్ట్ మీద ఉండగానే పాదం పెడల్ మీద ఆనేలా సరిచేసి, ఫ్రీ ప్లే, బ్రేకు లైటు చూశాడు. మొత్తం అరగంట. 50 రూపాయలు.

ఇప్పుడు నా అభిప్రాయానికి వస్తాను. మనం సీఎస్ఈ వాళ్లం. కొత్త ఫోను చేతికొస్తే పది నిమిషాల్లో ఫాంట్ సైజు, డార్క్ మోడ్, రింగ్‌టోన్ అన్నీ మార్చేస్తాం. కోడ్ ఎడిటర్‌లో డిఫాల్ట్ థీమ్‌తో పని చేసేవాణ్ణి వింతగా చూస్తాం. కానీ రోజుకి రెండు గంటలు ఒళ్లు అప్పగించే బండిని మాత్రం డిఫాల్ట్ సెట్టింగ్స్‌లోనే ఏళ్లకేళ్లు తోలేస్తాం. షోరూమ్‌లో మన ఎత్తు ఎవరూ అడగరు, మనమూ చెప్పం. ఆ బోల్టులు తిప్పుకోడానికే ఇచ్చారని మనకి తోచదు.

మరి మన పార్కింగ్‌లో బండ్లకి ఎవరూ ఏమీ చేయించట్లేదా? బోలెడు చేయిస్తున్నారు. కిందకి దించిన హ్యాండిళ్లు, కోసేసిన మడ్‌గార్డులు, తీసేసిన అద్దాలు. అవన్నీ చూసేవాళ్ల కోసం. తోలేవాడి వీపు కోసం చేసినది ఒక్కటీ కనపడదు. పైగా 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకీ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. నేను చెప్పేది ఆ మార్పుల గురించి కాదు. ఉన్న భాగాల్ని, కంపెనీ ఇచ్చిన పరిధిలోనే, మన ఒంటికి తగ్గట్టు జరుపుకోవడం గురించి.

"ఇంత చిన్న విషయానికి వ్యాసమా?" అని మా రూమ్మేట్ నవ్వాడు. చిన్నదే. కానీ చిన్న నొప్పిని ఓర్చుకోవడం మంచి లక్షణమని మనకి ఇంట్లో, స్కూల్లో బాగా నేర్పారు. ఓర్చుకోక తప్పని నొప్పులు ఉంటాయి, కాదనను. నాలుగు బోల్టులతో పోయే నొప్పిని ఓర్చుకోవడం గొప్పేమీ కాదు. ఎవరూ అడగలేదు కాబట్టి అది అలా ఉండిపోయింది, అంతే. సర్దుకుపోవడం, సరిచేసుకోవడం అని తెలుగులో రెండు మాటలున్నాయి. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు రెండూ "అడ్జస్ట్"గానే వినపడేవి.

ఒక జాగ్రత్త. ఇది చదివి పానా పట్టుకుని బయల్దేరొద్దు. హ్యాండిల్ తిప్పితే కేబుళ్లు లాగొచ్చు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పినా రేజింగ్ పెరగకూడదు. నా బండి మాన్యువల్ ప్రకారం క్లచ్ లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే ఉండాలి. బ్రేకు జోలికి వెళ్లినప్పుడు మెకానిక్ పక్కన ఉండాల్సిందే. కళ్లు మూసుకుని వేళ్లు చాపి చూసే పరీక్ష మాత్రం, బండికి స్టాండు వేసి ఎవరైనా చేసుకోవచ్చు.

మొన్న ఆదివారం నాన్న తన బండిలో పెట్రోలు లేక నా బండి మీద బజారుకి వెళ్లొచ్చారు. కూరగాయల సంచి దించకుండానే అడిగారు.

"హ్యాండిల్ కొత్తది వేయించావా?"

"లేదు నాన్నా, అదే. కొంచెం తిప్పారంతే. లివర్లు కూడా."

"ఎంత తీసుకున్నాడు?"

"50."

నాన్న ఏమీ అనలేదు. లివర్‌ని రెండు సార్లు పట్టి వదిలారు. ఇన్నేళ్ల ఆయన నొప్పికి కారణం అదేనని నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాదు. కానీ ఆ చేతిని ఒక్కసారైనా ఎవరూ బండి మీద పెట్టించి చూడలేదన్నది మాత్రం నిజం. నేను కూడా చూడలేదు.

రాత్రి అన్నం తినేటప్పుడు అడిగారు, "వచ్చే ఆదివారం ఆ షెడ్డు తీసుంటుందా?" అని.