గృహిణీ గోష్ఠి: ల్యాప్‌టాపులోని గాదెలు



గత శ్రావణమాసమున మా యింటి ల్యాప్‌టాపు మూలుగసాగెను. మీట నొక్కిన పిమ్మట నది తెర వెలిగించునంతలో మేము బియ్యము కడిగి యెసటిలో పోసి వచ్చుచుంటిమి. అంతమాత్రమైన సహింతుము. కాని కొన్నాళ్లకు దాని లోపలినుండి టక్కుటక్కుమని గోటితో రాతిని గీటినట్టి చప్పుడు వినవచ్చెను. కళాశాలలో చదువుచున్న మా పెద్దమ్మాయి చెవి యొగ్గి విని, “అమ్మా, హార్డ్‌డిస్కు చెడిపోవుచున్నది. ఉన్నదంతయు వెంటనే వేఱొకచోటికి మార్చుకొనవలెను” అనెను.

ఆ డిస్కులో మా వారి పదేండ్ల పాఠములు, ప్రశ్నపత్రములు కలవు. అవి పోయినను మరల వ్రాసికొనవచ్చును. కాని కీర్తిశేషులైన మా యత్తగారు తిరుగలి ముందు కూర్చుండి రాగులు విసరుచు పాడిన పాటలు నలువదికి పైగా నందే యున్నవి. వారు ఒక్క పాటయు కాగితముపై పెట్టి యెఱుగరు. మేము రెండవ ప్రతి తీసి యుంచలేదు. రేపు, ఎల్లుండి యని నాలుగేండ్లు గడపితిమి.

కొత్త యంత్రము కొందమన్న, మాకు జీతము గాక నాలుగెకరముల మెట్టచేను కలదు. ఏటికి 550 మిల్లీమీటర్ల వాన పడిన గొప్పయను నీ సీమలో వేరుసెనగ నమ్ముకొని యంత్రములు కొనువా రెవ్వరు? డిస్కొక్కటియే మార్చుటకు నిశ్చయించితిమి.

మా వారు పట్టణములో నొక దుకాణమునకు పోయి ల్యాప్‌టాపు పేరు చెప్పిరి. దుకాణదారుడు “ఇప్పటివాని కన్నింటికిని ఇదే సార్” అని ఎన్.వి.ఎం.ఇ. అను సన్నని పలక నొకదానిని చేతిలో పెట్టెను. ఇంటికి తెచ్చి అడుగుమూత విప్పి చూడగా, అట్టి పలకకు తగిన స్లాటు నిజముగనే ఖాళీగా నుండెను. పలక యందు చక్కగా కూర్చుండెను. మరమేకు బిగించితిమి. యంత్రము మాత్రము దానిని గుర్తింపనే లేదు. బయాస్ తెరలో వెదకితిమి, అందును లేదు. తీసి మరల పెట్టితిమి, ఫలము శూన్యము. విప్పిన సరకు తిరిగి పుచ్చుకొననని దుకాణదారుడు ఖండితముగా చెప్పెను.

అప్పుడు మేము చదువ మొదలిడితిమి. కొనకమునుపు చదువవలసినది కొన్న తరువాత చదివితిమి!

వెనుకటివారు ధాన్యమునకు పాతరయో గాదెయో కట్టినట్లు, ల్యాప్‌టాపులో నిలువకు సామాన్యముగా రెండు తీరుల చోట్లుండును. మొదటిది రెండున్నర అంగుళముల డిస్కు పట్టు అర. దీని దారి పేరు సాటా. ఇందు మందము చూచుకొనవలెను: పాత డిస్కులు కొన్ని 9.5 మిల్లీమీటర్లు, ఇప్పటివి 7 మిల్లీమీటర్లు. రెండవది ఎం.2 అను స్లాటు. దీనిలో పెట్టు పలకలపై 2242, 2280 అని యంకెలు కనబడును. మొదటి రెండంకెలు వెడల్పు, తక్కినవి పొడవు, మిల్లీమీటర్లలో. 80 పొడవుగల పలక 42కు మాత్రమే చోటున్న యంత్రములో పట్టదు. ఇంతవరకు రవికెగుడ్డ కొలతవంటిదే.

చిక్కంతయు దీని తరువాత నున్నది. ఎం.2 అనునది ఆకారము పేరు మాత్రమే. ఆ స్లాటులోనికి సాటా దారి యొక్కటే రావచ్చును, ఎన్.వి.ఎం.ఇ.కి కావలసిన పి.సి.ఐ.ఇ. దారి యొక్కటే రావచ్చును, రెండును రావచ్చును. కంటికి మూడు నొక్కటే. పలక యంచున సాటావాటికి తఱచు రెండు గంట్లు, ఎన్.వి.ఎం.ఇ.వాటికి తఱచు నొకటియే యుండును. కాని గంటు సరిపోయినంతమాత్రమున పని జరుగునని నమ్మరాదు. మా స్లాటు నోరు ఒప్పుకొనెను, కడుపు ఒప్పుకొనలేదు. ఎన్.వి.ఎం.ఇ. నియమములు 2011లో వెలువడినవి. ఆ పిమ్మటి కొన్నేండ్లలో వచ్చిన యంత్రములలో పెక్కింటి ఎం.2 స్లాట్లకు సాటా దారి మాత్రమే యిచ్చిరి. మాది యా తరమునకు చెందినది.

వైఫై పలకకును ఎం.2 స్లాటే యుండును. అది చిన్నది, దాని గంటు వేఱు, దానిని నిలువచోటని భ్రమపడరాదు. కొన్ని చౌకరకములందు నిలువ చిప్పే పలకకు టంకము వేయబడి యుండును. దానిని మార్చు మార్గము లేదు. ఒకే పేరుగల యంత్రములలో పెద్ద బ్యాటరీ పెట్టిన రకమునందు రెండున్నర అంగుళముల అర లేకుండుటయు కలదు.

అందువలన మూతపై మెఱయు పేరు చాలదు. ఇన్‌స్పిరాన్, ఐడియాప్యాడ్, పెవిలియన్ అనునవి యింటిపేర్లవంటివి. ఆ యింటిపేరుతో నెందఱు లేరు? అడుగున నతికించిన చీటిలోని పూర్తి మోడలు సంఖ్య వ్రాసికొనవలెను. డెల్‌వారి యంత్రమైన సర్వీస్ ట్యాగు అను ఏడక్షరముల గుర్తుండును. ఆ సంఖ్యతో తయారీదారు వారి సైటులో మరమ్మతు పుస్తకము దొరకును. లెనోవోవారు పి.ఎస్.ఆర్.ఇ.ఎఫ్. అను పట్టికలో ఒక్కొక్క మోడలునకు నిలువచోట్లు విడివిడిగా చెప్పుదురు. అందు ‘ఎం.2 2280 సాటా’ అని యున్నదో, ‘పి.సి.ఐ.ఇ. ఎన్.వి.ఎం.ఇ.’ అని యున్నదో చూచినచో సందేహము తీరును. మా పుస్తకమున 7 మిల్లీమీటర్ల సాటా అర యొకటి, సాటాకు మాత్రమే పనికివచ్చు ఎం.2 స్లాటొకటి యని స్పష్టముగా నుండెను. వెదకుటకు పావుగంట పట్టెను.

విండోసులోని డివైస్ మేనేజరు చూచిన తెలియదా యని కొంద ఱడుగుదురు. అది యింటిలో నిప్పు డెవరున్నారో చెప్పును గాని, ఖాళీగది యున్నదో లేదో, అందెవ్వరిని దింపవచ్చునో చెప్పదు.

మూత విప్పువారికి మఱియొక మాట. ముందుగా యంత్రము నార్పి చార్జరు తీసి, బ్యాటరీ తీగ వేఱుచేయవలెను. మా యెండుగాలిలో ధర్మవరపు పట్టుచీర మడత విప్పునపుడు చిటచిటలాడు విద్యుత్తే యీ పలకలకు విషము. ఇనుపవస్తువు నొకమారు తాకి పని కుపక్రమించుట మేలు.

కొన్న పలక వ్యర్థము కాలేదు. దానిని యు.ఎస్.బి. పెట్టెలో పెట్టి బయటనుండి వాడుకొనవచ్చునని మా యమ్మాయి కనుగొనెను. ఆ పెట్టెలలోను సాటావి వేఱు, ఎన్.వి.ఎం.ఇ.వి వేఱు! ఈసారి పెట్టెపై వ్రాసినది రెండుమార్లు చదివియే సొమ్మిచ్చితిమి. అదే రాత్రి పాటలన్నియు నందులోనికి మార్చుటకు కూర్చుంటిమి. డిస్కు టక్కుమన్నప్పు డెల్ల మా వారు మాటలు మాని తెరవైపు చూచుచుండిరి. తెల్లవాఱుజామున గాని పని ముగియలేదు. పిమ్మట 7 మిల్లీమీటర్ల సాటా ఎస్.ఎస్.డి. తెప్పించి పాతదాని యరలో నమర్చితిమి. తిరుగు పళ్లెము లేదు గనుక నిప్పుడు చప్పుడు లేదు. మీట నొక్కి యెసరు వైపు పోవుటకు మాకు వ్యవధియు లేదు. సాటా దారి సెకనుకు 600 మెగాబైట్లకు మించి పోనీయకున్నను మా పనికి నది యధికమే.

పాటలలో రెండు మాత్రము తెఱచుకొనలేదు. వానిలో నొకటి వానదేవునిపై పాడినదని మా వారి జ్ఞాపకము. పల్లవి వారికి వచ్చును. చరణములు తెలిసినవా రెవరైన మిగిలియున్నారేమో యని వచ్చే ఆదివారము అత్తగారి పుట్టినూరికి పోవుచున్నాము.