బర్మా బాటపై లెక్కకు రాని జనము

రెండవ ప్రపంచ యుద్ధ చరిత్రమును వ్రాయువారు సేనల కథను ఒకచోటను, రాయబారముల కథను వేరొకచోటను నిలిపి, సామాన్య ప్రజల కథను చిట్టచివర అనుబంధముగా చేర్చుట పరిపాటియైనది. 1942లో సంభవించిన బర్మా పతనమును పరిశీలించినచో ఈ విభజన యెంత కృత్రిమమో తేటపడును. ఏలయన అచ్చట రేవులో బియ్యపు బస్తాలు మోయుచుండిన కళింగాంధ్రపు కూలివాడు సైన్యమునకు అవసరమై, దౌత్యమునకు చిక్కుముడియై, తుదకు ఎవ్వరి బాధ్యతయు కాకుండ పోయెను.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు మించియుండిరి. రంగూను నగర జనములో సగమునకు పైగా వారే. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి ఓడ డెక్కుపై కిక్కిరిసి, మేస్త్రీ యిచ్చిన అడ్వాన్సును మెడకు గుదిబండగా కట్టుకొని పోయిన తెలుగువారే ఓడల సరకు దించుటయు, ధాన్యపు మిల్లులలో పని చేయుటయు వృత్తిగా గలవారు. వారిపట్ల బర్మీయులకు గల అక్కసు 1930 మే నెలలో, రేవు కూలీల సమ్మె ముగిసిన తరుణమున, నూరుమందికి పైగా బలిగొన్న అల్లరులుగా బయటపడెను. 1937లో బర్మా భారతదేశమునుండి విడివడెను. 1941 జూలైలో ఉభయ ప్రభుత్వములును చేసికొన్న వలస ఒడంబడిక కూలివాని రాకపోకలకు సంకెళ్లు వేసెను. ఆ దేశమున వాని నిలుకడను శంకించిన పాలకులే, ఆరు నెలలు తిరుగకమున్నే, వానిని కదలవలదని నిర్బంధించుట ఈ కథలోని అతి క్రూరమైన ఘట్టము.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించినంతనే, వీధులలో వేలాది జనము కూలగా, మిగిలిన కూలీలు మూటాముల్లె నెత్తిన బెట్టుకొని ప్రోము బాట పట్టిరి. రేవు స్తంభించెను. చైనాకు పంపవలసిన అమెరికా యుద్ధసామగ్రి అచ్చటనే గుట్టలుగా పడియుండెను. కూలీలు లేనిదే సైన్యము లేదని గ్రహించిన ప్రభుత్వము, పారిపోవుచున్నవారిలో అనేకులను దారిలోనే ఆపి, నచ్చజెప్పియో అడ్డగించియో నగరమునకు మరలించెను; డెక్కు ప్రయాణికులుగా స్వదేశమునకు పోవగోరిన పురుషులకు సైతము ఆటంకములు కల్పించెను. డబ్బున్నవారు ఓడలలోను విమానములలోను తరలిపోయిరి. 1942 మార్చి 8న రంగూను శత్రుహస్తగతమయ్యెను. అంతవరకు రేవులో సరకు దించిన చేతులకు అటుపిమ్మట ఓడయే దొరకలేదు.

ఇక మిగిలినది కాలినడక. కొందరు ప్రోమునుండి టౌంగప్ కనుమ గుండ అరకాను తీరమునకును, అటనుండి చిట్టగాంగునకును. మరికొందరు టము మీదుగా మణిపురమునకును. వెనుకబడినవారు వానలు దిగిన పిదప హుకాంగు లోయ బురదలో పడి అస్సాము వైపునకును నడచిరి. నీటిచుక్క దొరకని కొండదారిలో కలరా తగిలినవానిని మోయ శక్తి లేక బంధువులే చెట్టునీడన విడిచి సాగవలసివచ్చెను. మొత్తము నాలుగైదు లక్షలమంది దేశము చేరిరని అంచనా. దారిలో మరణించినవారి సంఖ్య వేలలో చెప్పవలసినదే కాని నిశ్చితముగా లెక్కించినవారు లేరు. స్లిమ్ సేనాని నడపిన సైన్యపు తిరోగమనమునకు ప్రతి మైలుకును దినచర్య కలదు. ఆ దండు నడచిన అడవులలోనే నడచిన ఈ జనమునకు హాజరు పట్టీ యైనను లేకపోవుట, యుద్ధమును నడపినవారు ఎవరిని మనుష్యులుగా గణించిరో తెలుపుచున్నది.

ఈ నడకను కేవలము దుఃఖగాథగా చదువుట చాలదు. తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి ఏర్పరచిరన్న వార్త శరణార్థులతోపాటు దేశమున ప్రవేశించినది. నెహ్రూ ప్రభృతులు దానిని తీవ్రముగా నిరసించిరి. సరిగా ఆ దినములలోనే బ్రిటిషు ప్రభుత్వపు రాయబారియైన క్రిప్సు ఢిల్లీలో రక్షణశాఖ ఎవరి చేతిలో నుండవలెనన్న వివాదమున తలమునకలై యుండెను. ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను బాంబులు పడెను. మీ రక్షణభారము మాకే వదలుడని ఇంగ్లీషువాడు చెప్పుచున్నప్పుడు, రంగూనులో ఆ రక్షణ యేమయ్యెనో కళ్లార చూచినవారు ప్రతి రైలులోను దిగుచుండిరి. రాయబారము విఫలమగుటకు పత్రములలోని పదములే కారణమని చరిత్రకారులు వ్రాయుదురు గాని, ఆ పదములను విశ్వసింపరాదని నేర్పినది బర్మా బాటయే యని నా దృఢ విశ్వాసము. గాంధీజీ ఆ వేసవిలో బ్రిటిషువారిని వెడలిపొమ్మనుటకు చూపిన కారణములలో ఈ వివక్ష యొకటి.

బర్మా పతనపు దెబ్బ నడచివచ్చినవారితోనే ఆగలేదు. బర్మా బియ్యము నిలిచిపోవుటయు, శత్రువునకు దక్కరాదని వంగదేశపు పడవలను ధ్వంసము చేయుటయు 1943 నాటి ఘోర క్షామమునకు దోహదము చేసిన సంగతి సుపరిచితమే.

యుద్ధానంతరమున మరలిపోదమన్నవారికి 1947 నాటి బర్మా వలస చట్టము అడ్డు నిలిచెను. నిలద్రొక్కుకొన్నవారిని 1960 దశకమున అచ్చటి సైనిక ప్రభుత్వము వెడలగొట్టగా, విశాఖలోని బర్మా క్యాంపు వంటి వాడలు వెలసినవి. ఆ వాడలలోను, శ్రీకాకుళపు పల్లెలలోను తాతలు చెప్పిన మాటలు మనుమల నోట ఇంకను నిలిచియున్నవి. మన విశ్వవిద్యాలయములు వానిని ఊరూరను సేకరించి, సైన్యపు దినచర్యల ప్రక్కన నుంచి, తేదీలతోను దారులతోను సరిచూచి ప్రకటింపవలెను. ఈ పనికి ప్రభుత్వము ఈ సంవత్సరపు పద్దులలోనే ధనము కేటాయింపవలెను.