గడ్డ తీశారు సరే, బిడ్డను చూసేదెవరు?

"ఆపరేషన్ అయిపోయింది, ఇక భయం లేదు." అడ్రినల్ గ్రంథి కణితుల విషయంలో ఈ మాట సగం నిజమే. మిగిలిన సగం చెప్పకపోవడం పిల్లల ప్రాణాల మీదికి తెస్తుంది.

మూత్రపిండాలపై టోపీలవలె అమరిన ఈ గ్రంథులలో పిల్లలకు తరచుగా వచ్చే కణితి న్యూరోబ్లాస్టోమా. పేరు వినగానే ఆశ వదులుకోనవసరం లేదు. ఏడాదిన్నర లోపు పసివారిలో చాలామంది కోలుకుంటారు. కొందరిలో గడ్డ దానంతటదే కరిగిపోతుంది. తక్కువ ప్రమాద వర్గంలో నూటికి 90 మందికి పైగా బ్రతుకుతారు. ఎముకలకు పాకిన పెద్దపిల్లలలో మాత్రం పూర్తి చికిత్స అందినా సుమారు సగం మందే నిలుస్తారు.

నా వాదమంతా ఆ బ్రతికినవారి గురించే. సిస్‌ప్లాటిన్ వినికిడిని దెబ్బతీయవచ్చు. బడిలో మొద్దు అనిపించుకునే బిడ్డకు నిజానికి పాఠమే వినబడకపోవచ్చు. డాక్సోరూబిసిన్ వల్ల ఏళ్ల తరువాత గుండె బలహీనపడవచ్చు. కార్టిసాల్ స్రవించే కణితిని తీసివేశాక రెండవ గ్రంథి నెలల తరబడి మందకొడిగా ఉంటుంది. ఆ కాలంలో స్టెరాయిడ్ మాత్రలు హఠాత్తుగా మానినా, జ్వరంలో వైద్యుడు చెప్పినట్లు మోతాదు పెంచకపోయినా బిడ్డ గంటలలో కుప్పకూలవచ్చు. ఫియోక్రోమోసైటోమా ఏళ్ల తరువాతా తిరగబెట్టవచ్చు. రక్తపోటును జీవితాంతం చూడవలసిందే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌కు 2022లో, మిగిలిన రెంటికీ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అయినా రక్తపోటు చూపించుకోవడానికి కూడా బిడ్డను హైదరాబాదుకే మోసుకుపోవాలా? తల్లికి బస్సు ఉచితమే. మిరప కోతల వేళ పోయిన రెండు రోజుల కూలి ఎవరిస్తారు? అందుకే రెండవసారి రాకపోయిన తల్లిని నిర్లక్ష్యమని నిందించడం అన్యాయం.

"అరుదైన జబ్బుకు ప్రత్యేక విభాగమా?" అంటారు. ప్రత్యేక విభాగం ఎవరడిగారు? ఎత్తు, బరువు, రక్తపోటు, వినికిడి పరీక్ష, గుండె ఎకో వైద్య కళాశాల ఆసుపత్రిలో ఉండవలసినవే. స్కానింగులు, మందుల నిర్ణయం హైదరాబాదులోని ఎం.ఎన్.జె. వంటి పెద్దాసుపత్రులకే వదలండి. జిల్లాకు కావలసినవి ఒక రిజిస్టరు, దానికి బాధ్యుడైన ఒక పిల్లల వైద్యుడు, తేదీ తప్పిన ఇంటికి వెళ్లి అడిగే ఒక ఆశా కార్యకర్త. ఇందుకు కోట్లు అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.

తల్లిదండ్రులారా, డిశ్చార్జి కాగితాన్ని బిడ్డ పెళ్లీడు దాకా భద్రపరచండి. ఏ మందు ఎంత ఇచ్చారో, తిరిగి ఎప్పుడు రావాలో, జ్వరం వస్తే ఏం చేయాలో వ్రాయించుకోకుండా ఆసుపత్రి గడప దాటకండి. అడగడం మీ హక్కు. చెప్పడం మా వృత్తిధర్మం.