సాగరానికి మనం సమర్పిస్తున్నది ఏమిటి?



ప్రతి ఆలయంలోనూ నీరాజనానంతరం మంత్రపుష్పం పఠిస్తాము. అగ్ని, వాయువు, సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, మేఘం, సంవత్సరం అనే వీటికీ జలానికీ పరస్పరాశ్రయం ఉన్నదని ఆ మంత్రం పదేపదే ప్రకటిస్తుంది. అది తైత్తిరీయారణ్యకంలోని అరుణప్రశ్నకు చెందినది. అదే ప్రశ్నలో, కొద్ది అనువాకాల అనంతరం, అరుణకేతుక చయనం చేసినవానికి ఒక వ్రతనియమం విహితమైనది. జలంలో మలమూత్రాలు విసర్జింపరాదు, ఉమ్మివేయరాదు, వివస్త్రుడై స్నానమాడరాదు, కూర్మమాంసం భుజింపరాదు. ఈ నియమం పాటించువానిని జలాలు గాని జలచరాలు గాని హింసింపవని ఫలం చెప్పబడినది. మంత్రపుష్పం మనలో అనేకులకు కంఠస్థం. దాని సమీపంలోనే ఉన్న ఈ నియమం మాత్రం స్మరణకు రాదు. నేటి విచారమంతా ఈ విస్మృతిని గురించియే.

గోవాడలో నిలుచున్నవానికి చెరకుతోటలు కనిపిస్తాయి గాని సముద్రం కనిపించదు. "సముద్రరక్షణ తీరవాసుల పని, మనకేమి సంబంధం?" అని భక్తులు అడగడం సహజం. అయితే ఋతుపవనాలు మోసుకువచ్చే ఆవిరి సముద్రజన్యమే. ఆ మేఘమే అనంతగిరి కొండలపై వర్షించి శారదానదిగా దిగివస్తుంది. దేవరాపల్లి వద్ద రైవాడ జలాశయంలో నిలిచి మన పైర్లకూ, విశాఖ నగరవాసుల దాహానికీ చేరుతుంది. ఆ నీరే చెరకులో రసమై, పాకమై, బెల్లమై, స్వామికి నైవేద్యమవుతుంది. శేషజలం అనకాపల్లి మీదుగా ప్రవహించి బంగాళాఖాతంలో లీనమవుతుంది. గీతాచార్యుడు తృతీయాధ్యాయంలో యజ్ఞం, వర్షం, అన్నం, ప్రాణులు అనే క్రమంలో చెప్పిన చక్రం మన కళ్ళెదుట ఇట్లు తిరుగుతున్నది. ఆ చక్రాన్ని అనువర్తింపనివాని జీవితం వ్యర్థమని కూడ ఆయనే హెచ్చరించినాడు.

ఆధునిక విజ్ఞానం ఈ విషయాన్ని మరింత విశదం చేసినది. భూతలంలో సుమారు 71 శాతం సముద్రమే. లోకంలో ఉత్పన్నమయ్యే ప్రాణవాయువులో దాదాపు సగం సముద్రంలోని సూక్ష్మజీవులు ఇస్తున్నవే. మానవుని పొగల వలన భూమిపై పెరిగిన వేడిమిలో 90 శాతానికి మించి సముద్రమే తనలో దాచుకొనుచున్నది. ఆ సహనానికి ఒక హద్దు ఉన్నది. వెచ్చబడిన సముద్రజలమే తుపానుకు బలం. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ ఎంతటి చెరకును నేలకూల్చినదో ఈ ప్రాంత రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక భక్తులు తరచుగా వినిపించే ఒక వాదం ఉన్నది. "నదులు పవిత్రాలు, సాగరం సర్వతీర్థమయం, వాటిలో ఏది వేసినా పవిత్రమే అవుతుంది" అని. ఈ భావంతోనే పూజానిర్మాల్యాన్ని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి వంతెనమీదనుండి విడుస్తారు. జలానికి పావనత్వం చెప్పిన ధర్మశాస్త్రమే దానిని మలినపరచడాన్ని నిషేధించినది. మనుస్మృతి చతుర్థాధ్యాయం గృహస్థధర్మాలలో ఉమ్మి, రక్తం, విషం, అమేధ్యమైన ఏ వస్తువునూ జలంలో వేయరాదని శాసించినది. తల్లి సహనశీల గనుక ఆమె ఒడిలో చెత్త పోయవచ్చునని ఏ పుత్రుడు వాదింపగలడు? పువ్వు కుళ్ళి మట్టిలో కలుస్తుంది, సంచి కలియదు. గెడ్డనుండి శారదకు, శారదనుండి సాగరానికి చేరి, ముక్కముక్కలై, మత్స్యాల ఉదరంలో ప్రవేశిస్తుంది.

గణపతి నిమజ్జనం విషయమూ ఇంతే. చోడవరంలో స్వయంభువుగా వెలసిన విఘ్నేశ్వరుని సన్నిధిలో నివసించేవారం మనం. వ్రతకల్పం విధించినది పార్థివమూర్తిని, అనగా మృత్తికతో చేసినదానిని. ఉద్వాసన తరువాత మట్టిని నీటిలో కలపడంలోని తాత్పర్యం, తెచ్చిన చోటికే దానిని తిరిగి అప్పగించడం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం సులభంగా కరగదు; దాని రంగులు జలాన్ని దూషిస్తాయి. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సవరించిన మార్గదర్శకాలు అట్టి విగ్రహాలను నిషేధించినవి. ఈ విషయంలో ప్రభుత్వశాసనం, శాస్త్రం ఏకవాక్యతతో ఉన్నవి. విగ్రహం ఎత్తుతో భక్తిని కొలిచే పోటీ మాత్రమే ఈ రెంటికీ విరుద్ధం.

కూర్మావతారుని స్మరింపక సముద్రకథ పూర్తికాదు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో స్వామి ఆ రూపంలోనే అర్చింపబడుతున్నాడు. సుమారుగా పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాలలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన విశాఖ, అనకాపల్లి తీరాలకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి అత్యున్నత రక్షణ కల్పించినది. అటవీశాఖవారు గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను సముద్రంలో విడుస్తున్నారు. అయినను వలలలో చిక్కి ఊపిరాడక కొన్ని, ప్లాస్టిక్ సంచిని ఆహారమని భ్రమించి మ్రింగి కొన్ని మరణిస్తున్నవి. మందరగిరిని మోసిన కూర్మాన్ని గర్భగుడిలో పూజించి, మనం విడిచిన సంచితో తీరంలోని కూర్మాన్ని చంపడం ఏ భక్తిమార్గం?

మన పూర్వులు సముద్రస్నానానికి సైతం నియమం పెట్టినారు. సేతుక్షేత్రంలో తప్ప ఇతరత్రా పర్వదినాలలోనే సాగరస్పర్శ విహితం. పూజ్యమైనదానిని సమీపించడానికి సంయమం అవసరమని దీని భావం. నేటికీ మత్స్యకారులు ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు మరబోట్లతో వేట మానుకొని, చేపలు సంతానవృద్ధి చెందడానికి అవకాశమిస్తున్నారు. జీవనోపాధినే విడిచి వారు అంతటి విరామం పాటిస్తుండగా, మనం ఒక సంచిని విడువలేమా?

కావున సాధకులకు నా మనవి ఇది. నిర్మాల్యాన్ని చెట్టు మొదట పాతిపెట్టండి లేదా ఎరువు చేయండి. ఎవరూ తొక్కని చోట భూమికి అర్పించడం దోషం కాదు. ఆలయానికి పూలు బుట్టలో, నూనె పాత్రలో తెండి. మట్టి గణపతినే, ఇంట్లో బిందెలో కరిగేంతటి చిన్నమూర్తినే అర్చించండి. మాఘపౌర్ణమికి పూడిమడకకో రేవుపోలవరానికో సముద్రస్నానానికి వెళ్ళినప్పుడు తీసుకువెళ్ళినదంతా తిరిగి తీసుకురండి. పక్కవారు విడిచినది కూడ ఒక పిడికెడు ఏరండి. ఆలయ ధర్మకర్తలు ఉత్సవాలలో ఆకుదొన్నెలనే వాడాలని నిర్ణయించండి.

సంకల్పం చెప్పి, అర్ఘ్యమిచ్చి మునిగే స్నానానికి ఇది అంగమని భావించండి. మంత్రపుష్పాన్ని కంఠస్థం చేసిన మనం, ఆ పక్కనే ఉన్న నియమాన్ని ఆచరణస్థం చేయడమే మిగిలి ఉన్నది.

స్వస్తి.