ఏసీల కోసం కాలిన ఖజానా

మా ఛోటే మామూ జిద్దాలో పద్దెనిమిదేళ్లు ఏసీ మెకానిక్‌గా చేశారు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఒకటే మాట: "అక్కడ కరెంటు పోదు బేటా, భూమిలోంచి ఖజానా తీసి కాలుస్తారు." మాకదేదో అలీబాబా కిస్సాలా ఉండేది. మా ఊళ్లో అప్పుడు రోజూ కోతలే. రంజాన్‌లో మగ్రిబ్ అజాన్ కంటే మస్జిద్ డీజిల్ జనరేటర్ దడదడే ముందు వినపడేది.

మామూ చెప్పింది సచ్ అని తర్వాత తెలిసింది. ఎండాకాలం వస్తే సౌదీలో ఏసీల కోసం ముడిచమురును రిఫైనరీకి కూడా పంపకుండా నేరుగా పవర్ ప్లాంట్లలో కాల్చేవారు. 2014, 2015 వేసవుల్లో అది రోజుకి 8 లక్షల బ్యారెళ్లు దాటింది. ఒక్క బ్యారెల్ అంటే 159 లీటర్లు, హిసాబు మీరే వేసుకోండి. బయట అమ్మితే డాలర్లు కురిపించే సరుకును ఇంట్లో సస్తాగా పొయ్యిలో పెట్టడం! దీన్ని ఇస్రాఫ్ అనక ఇంకేమనాలి?

మిగతా దునియా ఈ సబక్ 1973లోనే నేర్చుకుంది. అరబ్ దేశాలు చమురు ఆపి, కొద్ది నెలల్లోనే ధర నాలుగింతలయ్యేసరికి ఫ్రాన్స్, జపాన్ లాంటి ముల్కులు అణువిద్యుత్తు, బొగ్గు, గ్యాస్ దారి పట్టాయి. ఆ రోజుల్లో ప్రపంచ కరెంటులో దాదాపు నాలుగో వంతు చమురుదే. ఇప్పుడు నూటికి మూడు పాళ్ల దగ్గర ఉంది.

ఆఖరికి చమురు మాలిక్‌లే మారుతున్నారు. 2030 కల్లా సగం కరెంటు ఎండ, గాలి నుంచి, మిగతా సగం గ్యాస్ నుంచి రావాలని సౌదీ లక్ష్యం. జిద్దాకి దక్షిణాన సముద్రం ఒడ్డున షుఐబాలో చమురుతో నడిచే భారీ ప్లాంటు ఉంది. ఆ ఇలాఖాలోనే ఇప్పుడు 2,600 మెగావాట్ల సోలార్. ఎమిరేట్స్‌లో బరాకా అణుకేంద్రమైతే దేశం కరెంటులో నాలుగో వంతు ఇస్తోంది. ఇదంతా గాలి, నీటి మీద మొహబ్బత్ అని నేననను. ఇంట్లో మిగిలిన చమురు పరాయి దేశానికి వెళ్లి కాలుతుంది, అంతే. తిజారత్!

అయినా నేను ఖుష్. ఎందుకంటే చమురు మీదే పూర్తి భరోసా పెట్టుకున్న లెబనాన్ హాల్ చూశాం. 2021 అక్టోబరులో ఇంధనం అయిపోయి రెండు పెద్ద ప్లాంట్లు ఆగాయి, ముల్క్ మొత్తం చీకటి. గల్లీ జనరేటర్ వాళ్లు చెప్పిందే రేటు. ఆ బిల్లు ముందుగా కుంగదీసింది గరీబులనే. నా రాయిలో చమురు ఉండాల్సింది ఆసుపత్రి జనరేటర్‌లో, తుఫాను రాత్రుల కోసం. రోజువారీ కరెంటుకి కాదు.

మా మస్జిద్ కప్పు మీద సోలార్ పెడదామని కమిటీలో అడిగాను. "జనరేటర్ ఉంది కదా మియా" అన్నారు ఒక బుజుర్గ్. పోయిన నెల డీజిల్ బిల్లు చదివి వినిపించాను. జవాబు రాలేదు గానీ చందా పుస్తకం నా చేతికిచ్చారు. మొదటి పేజీలో మామూ పేరే ఉంది.