సూర్యవంశపు రాజులకు క్షమాపణ

బారెడు పొద్దెక్కినా పక్క దిగని వారిని ‘సూర్యవంశపు రాజులు’ అని ఎగతాళి చేయడం మన ఇళ్లలో వాడుక. ముప్పై నాలుగేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసిన నేను ఈ బిరుదును ఎందరు పిల్లలకు ప్రదానం చేశానో లెక్కలేదు. బిరుదుతో పాటు గోడకుర్చీ కూడా. దేహంలోని గడియారాన్ని గురించి ఈ మధ్య కొంత చదివాక, ఆ గోడకుర్చీలు ఒక్కొక్కటే జ్ఞాపకం వస్తున్నాయి.

నేను తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను. మా నాన్నగారూ అంతే. బ్రాహ్మీముహూర్తాన మేల్కొనడం నా నిష్ఠాఫలమని సభలలో చెప్పుకున్నవాణ్ణి. రాత్రి తొమ్మిది దాటితే నా బుర్రకు పద్యం ఎక్కదన్న సంగతి మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు!

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కుటుంబం ఉన్నది. అందులో తరతరాలుగా కొందరు రాత్రి ఏడున్నరకే నిద్రలోకి జారి, నాలుగున్నరకే లేచి కూర్చునేవారట. 2001లో శాస్త్రజ్ఞులు దీని మూలం పట్టుకున్నారు. పెర్2 అనే జన్యువు చేసే ప్రోటీనులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఒక గురువు లఘువైతే పద్యపాదం నడక మారినట్లన్నమాట. నాది అంతటి విపరీతం కాకపోవచ్చు. కానీ ఇది చదివిన నాటి నుండి ‘నా నిష్ఠ’ అనడానికి నోరు రావడం లేదు.

ఈ గడియారం మెదడులో, కంటినరాలు ఒకదానినొకటి దాటే చోటికి కాస్త పైన ఉంటుంది. సుమారు 20,000 నాడీకణాల ముద్ద. కణంలో కొన్ని ప్రోటీనులు పోగుపడి, తమను పుట్టించిన జన్యువునే ఆపివేస్తాయి. అవి క్షీణించగానే జన్యువు మళ్లీ పని మొదలుపెడుతుంది. ఈ చక్రం ఒకసారి తిరగడానికి సుమారు ఒక రోజు. దీనికి ఆధారమైన జన్యువును 1971లో కోనొప్కా, బెంజర్ అనేవారు పండ్ల ఈగలలో గుర్తించారు. ఆ జన్యువు పనితీరును విప్పిచెప్పిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

మనుషులలో ఈ చక్రం సగటున 24 గంటల కంటె పది నిమిషాలు ఎక్కువ. కనుక నిత్యం సరిదిద్దుకోవాలి. సరిదిద్దేది వెలుగు. ఉదయపు వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి వెలుగు వెనక్కి నెడుతుంది.

‘అలవాటు చేస్తే అదే వస్తుంది’ అనే పెద్దల మాటలో సగం నిజం ఇక్కడ ఉన్నది. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, కొలరాడోలో కొందరిని విద్యుద్దీపం లేకుండా వారం రోజులు ఆరుబయట ఉంచారు. వారి గడియారాలు రెండు గంటల వరకు ముందుకు జరిగాయి. ఆలస్యంగా లేచేవారికీ, పెందలకడ లేచేవారికీ నడుమ దూరం తగ్గింది. తగ్గింది కానీ పోలేదు. నా చిన్ననాడు ఊరంతా కిరసనాయిలు బుడ్డి ఆర్పి ఎనిమిదింటికే పడుకునేది. నేటి పిల్లవాడి చేతిలో అర్ధరాత్రి దాకా వెలుగు మేమే పెట్టి, పొద్దున లేవలేదని మేమే తిడుతున్నాము.

యౌవనారంభంలో ఈ గడియారం సహజంగానే ఆలస్యమవుతుంది. అందుకే 2014లో అమెరికా శిశువైద్యుల సంఘం పెద్ద తరగతులు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టవద్దన్నది. కాలిఫోర్నియాలో ఉన్నత పాఠశాలలకు 2022 నుండి అది చట్టమే అయింది. మన వసతి కళాశాలలు కొన్నింటిలో ఐదింటికే చదువు గంట. రాత్రి పది దాకా మళ్లీ చదువే. దీనిని క్రమశిక్షణ అనడం నాకు సమ్మతం కాదు. పదహారేళ్లవాడి దేహంతో కలహం అది.

తొమ్మిదో తరగతిలో నాకొక శిష్యుడుండేవాడు. మొదటి పీరియడులో సంధులు చెబుతుంటే కునికిపాట్లు. నెలకు పదిసార్లయినా గోడకుర్చీ వేయించి ఉంటాను. ఆ ఏడు వార్షికోత్సవ నాటకానికి రాత్రిపూట రిహార్సల్సు పెట్టాము. పదకొండింటికి తక్కినవారంతా తూలుతుంటే, వాడొక్కడే కళ్లు మెరిపిస్తూ, తన పద్యాలే కాక పక్కవాడి పద్యాలు కూడా తడబడకుండా అందించేవాడు. నేను ఆవలిస్తూ మెచ్చుకున్నాను. మరునాటి ఉదయం మళ్లీ గోడకుర్చీ వేయించాను.