హాస్టల్ పిల్లల ఓటు ఏ ఊళ్లో ఉండాలి?



జూనియర్ కాలేజీల్లో ఓటరు నమోదు క్యాంపు ఎట్లా నడుస్తుందో మీకు తెలిసిందే. బ్యానర్ కడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటో దిగుతారు. ఫారం 6 పంచి, అడ్రస్ గడిలో అందరిచేతా హాస్టల్ అడ్రసే రాయిస్తారు. ప్రిన్సిపాల్ బోనఫైడ్ ఇస్తే పని అయిపోతుంది, టార్గెట్ నిండుతుంది. క్యాంపులు పెట్టొద్దని నేననను. నా పేచీ అంతా ఆ అడ్రస్ గడితోనే.

నియమం ఏమంటోందో ముందు చూద్దాం. హాస్టల్లో ఉండి చదివే విద్యార్థి తల్లిదండ్రులున్న ఊళ్లో అయినా, హాస్టల్ ఉన్న చోటయినా ఓటు రాయించుకోవచ్చు. ఎన్నికల సంఘమే ఇచ్చిన వెసులుబాటు ఇది. రెండింట్లో ఒకటి మాత్రమే. రెండు చోట్లా ఉంచుకుని అబద్ధపు ప్రకటన మీద సంతకం పెడితే ఏడాది వరకు జైలు. అంటే ఎంచుకునే హక్కు విద్యార్థిది. క్యాంపుల్లో ఆ హక్కు ఉందని చెప్పేవాళ్లే లేరు. "ఏదో ఒకటి రాయండి, టైమైతుంది" అంటారు.

ఏదో ఒకటి రాస్తే ఏం పోతుందంటారా? పంచాయతీ ఎన్నికలకు వేరే ఓటర్లను వెతికి పట్టుకురారు. అసెంబ్లీ ఓటర్ల జాబితానే వార్డుల వారీగా విడగొట్టి పంచాయతీ జాబితా తయారుచేస్తారు. టౌన్‌లోని హాస్టల్ అడ్రస్ మీద పేరెక్కిందంటే, సొంతూళ్లో సర్పంచ్ ఎన్నికకూ వార్డు మెంబరు ఎన్నికకూ ఆ పిల్ల ఓటు లేనట్టే.

ఒక లెక్క వేద్దాం. ఒక వాడలో 150 ఓట్లున్నాయనుకోండి. గురుకులాల్లో, ఎస్సీ హాస్టళ్లలో చదివే పిల్లలు ఇరవై మంది. వార్డు మెంబరు ఐదారు ఓట్లతో గెలిచే చోట ఇరవై ఓట్లంటే మాటలా? పైగా వాటిని ఇరవై అని లెక్కపెట్టి ఊరుకోలేం. వాడలో కాగితం చదవగలిగినవాళ్లు, గ్రామసభలో ఉపాధి హామీ మస్టర్ చూపించమని అడగగలిగినవాళ్లు, పటేలు ఎదురైతే తువ్వాలు భుజం మీద నుంచి దించని వాళ్లు ఈ పిల్లలే. సర్పంచ్ సీటు ఎస్సీకి రిజర్వయిన ఏడు ఊరి పెద్దలు ఎవరిని నిలబెడతారో మీకు చెప్పాలా? తమ దగ్గర జీతమున్న మనిషిని. అది కుదరకపోతే గుడికి ఇంత ఇస్తామని వేలం, దానికి ఏకగ్రీవమని పేరు. దానికి అడ్డం పడగలిగిన తరాన్ని మనమే బ్యానర్ కట్టి, ఫొటో దిగి, జాబితాలోంచి ఊరు దాటిస్తున్నాం.

ఆడపిల్లల సంగతి ఇంకో రకం. ఒక తండ్రి నాతో అన్నాడు: "రెండేండ్లల్ల పెండ్లి జేస్తం సార్, ఓటు ఆడనే రాపిచ్చుకుంటది." ఈ మాట చాలా ఇళ్లలో వింటున్నాను. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాలోంచి దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తీసేశారు. ఫలానావాడి భార్య, ఫలానావాడి బిడ్డ అనే తప్ప సొంత పేరు చెప్పనందుకు. ఇప్పుడు పదో తరగతి మెమో మీద సొంత పేరుంది, ఇంటి పేరుంది. అయినా ఓటు మాత్రం పెళ్లి దాకా ఆగాలి! పెళ్లయి ఇల్లు మారితే ఫారం 8 పెట్టి ఓటు మార్చుకోవచ్చు. దానికోసం ఇప్పటి ఓటును ఆపక్కర్లేదని ఆ తండ్రికి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. బిడ్డ ఒప్పుకుంది, ఫారం నింపింది.

అట్లని అందరి ఓటూ ఊళ్లోనే ఉండాలని నేను మొండికెయ్యను. ఊరు వెలివేసిన ఇంటి పిల్లలుంటారు. అన్న కులాంతర పెళ్లి చేసుకున్నందుకు రాత్రికి రాత్రి ఊరు వదిలిన కుటుంబాలుంటాయి. ఊరు తలుచుకుంటేనే నిద్ర పట్టని పిల్ల టౌన్‌లో ఓటు రాయించుకుంటే అది ఆమె ఇష్టం. తెలిసి ఎంచుకోవాలన్నదే నా పట్టు.

ఊరి అడ్రస్ రాసినవాళ్లకు ఒక చిక్కు ఉంది. విచారణకు బీఎల్‌ఓ ఇంటికి వస్తాడు. పిల్ల హాస్టల్లో ఉంటుంది, అమ్మానాన్న ముంబైలోనో భివండీలోనో పనికి పోయి ఉంటారు, ఇంటికి తాళం. పక్కింటివాళ్లు "ఇక్కడ లేరు" అంటే కాగితం మీద "నివాసం లేదు" అయిపోతుంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ మాత్రం వేరుగా చెబుతోంది: తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన అక్కడి నివాసి కాకుండా పోరు. ఈ ముక్క ఇంట్లో ముసలమ్మకైనా చెప్పి ఉంచండి. ఫారంలో కుటుంబ సభ్యుల ఓటరు కార్డు నంబరు అడిగే గడి ఉంది, దాన్ని ఖాళీగా వదలొద్దు. దరఖాస్తు ఇచ్చాక వచ్చే నంబరు దాచుకుని, పేరెక్కిందో లేదో జాబితాలో కళ్లతో చూసుకోండి. 2018 డిసెంబరు తెలంగాణ ఎన్నికల్లో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరే గల్లంతయింది. పేర్లు పోయినందుకు రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారే క్షమాపణ చెప్పారు. జ్వాల అడిగితే పేపర్లో వచ్చింది. మన పోశమ్మ బూత్ దగ్గర నుంచి వెనక్కి నడిచిపోతే ఎవరు రాస్తారు?

"ఓటుతో ఏమైతదన్నా?" అనే కామ్రేడ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వాళ్ల అనుమానంలో కొంత నిజముంది, ఆ చర్చ ఇంకో వారం చేద్దాం. బాబాసాహెబ్ 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు నిలబడి అంటరానివాళ్లకు ఓటు కావాలని వాదించాడు. 1935 చట్టం కింద కూడా ఆస్తి, పన్ను, చదువు చూసే ఓటిచ్చారు. నిజాం రాజ్యంలో పుట్టిన మా తాతల తరం వయోజన ఓటు వేసింది 1952లో. ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి వయసు తగ్గింది 1989లో. ఇంతకాలం పట్టిన దాన్ని వద్దనుకోవాలంటే ముందు అది చేతిలో ఉండాలి కదా.

ఇప్పుడు పద్దెనిమిది నిండేదాకా ఆగక్కర్లేదు. పదిహేడు నిండితే ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో ఏ తేదీ నాటికి పద్దెనిమిది నిండితే అప్పుడు పేరెక్కిస్తారు. ఏప్రిల్ 2న పుట్టినవాళ్లకు జులై 1 అన్నమాట.

వచ్చే ఆదివారం మేం నలుగురం హాస్టళ్లలో కూర్చుంటున్నాం. పదో తరగతి మెమో జిరాక్స్, ఒక ఫొటో, అమ్మ ఓటరు కార్డు నంబరు తెచ్చుకోండి. అడ్రస్ గడి ఖాళీగా ఉంచండి, మాట్లాడుకున్నాక నింపుదాం.